మొహల్లా మంచిచెడ్డలు

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరమూ ఈ సభలో మాకు చదువును గురించి మాట్లాడే పని అప్పజెప్పేవారు. ఉర్దూ మీడియం పంతులు ఇంకేం మాట్లాడతాడనుకునేవారు కాబోలు. ఈసారి కార్యదర్శిగారు వేరే విషయం ఇచ్చారు. "మాస్టర్ సాబ్! 2024 వరద తర్వాత మనవాళ్లు చాలామంది ఇళ్లు మారే ఆలోచనలో వున్నారు. కొందరు స్థలాలు కొంటామంటున్నారు. ఫలానా ఏరియా మంచిదేనా అని రోజుకొకరు నన్ను అడుగుతున్నారు. నాకేం తెలుసు? మీరు నాలుగు పేటల పిల్లల్ని చూసినవారు, మీరే చెప్పండి" అన్నారు.

ఆయన అన్నమాటలో నిజం లేకపోలేదు. పేట సంగతి తెలియాలంటే బడి హాజరు పట్టీని మించిన సాక్ష్యం లేదని మా అనుభవం. వానాకాలంలో ఒకే వీధి పిల్లలు వరుసగా నాలుగు రోజులు రాకపోతే ఆ వీధిలో నీళ్లు నిలిచాయన్నమాట. ఒకే సందు నుంచి ముగ్గురు పిల్లలు వాంతులు, విరేచనాలని సెలవుచీటీ పంపితే అక్కడి కుళాయి గొట్టం ఎక్కడో మురుగు కాలువలో మునిగి వుందన్నమాట. అయిదో తరగతి దాకా మొదటి వరుసలో కూర్చున్న ఆడపిల్ల ఆరో తరగతికి కనబడకపోతే మాత్రం కారణం ఒక్కటే వుండదు గాని, వాకబు చేస్తే చాలాసార్లు ఇల్లు మారారనీ, కొత్త ఇంటి నుంచి బడికి దారి బాగాలేదనీ తేలుతుంది.

అయితే ఇల్లు చూడబోయే వాళ్లు బడికి వచ్చి అడగరు గదా! మధ్యవర్తిని వెంటబెట్టుకుని వెళతారు. ఆ మహానుభావుడు ఎప్పుడు తీసుకువెళతాడు? ఆదివారం ఉదయం పది గంటలకు, అదీ సంక్రాంతి రోజుల్లో. గోడలకు సున్నం కొత్తగా వుంటుంది, కాలువలు ఎండి వుంటాయి, గాలి చల్లగా వుంటుంది. "రేపో మాపో రోడ్డు వచ్చేస్తుంది భాయ్" అంటాడు. మనం తల ఊపుతాము. ఆ పేటలో పెండ్లికి వెళ్లినప్పుడు దీపాలు చూసి మురిసిపోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. భాద్రపద మాసంలో, రెండు రోజులు ముసురు పట్టిన తరువాత, సాయంత్రం చీకటి పడ్డాక ఒక్కసారి నడిచి చూడాలి. వీలైతే ఇంట్లో ఆడవాళ్లను కూడా తీసుకువెళ్లాలి. ఇంట్లో పగలంతా వుండేది వాళ్లే కాబట్టి.

నీళ్ల సంగతి ముందు చెప్పుకుందాము. విజయవాడలో వుండేవాళ్లం మనం, మనకు ఈ పాఠం బాగానే అయింది. మైలవరం కొండల్లో పుట్టి కొల్లేటిలో కలిసే బుడమేరు ఏడాదిలో చాలాకాలం గుర్రపుడెక్క నిండిన మురుగు కాలువలా కనబడుతుంది. దాన్ని చూసి ఎవరైనా భయపడతారా? 2005 సెప్టెంబరులో ఒకసారి ఊళ్లోకి వచ్చింది. తరువాత మెల్లగా మరిచిపోయాము. 2024 ఆగస్టు 31న కురిసిన వానకు బుడమేరు మళ్లింపు కాలువకు మూడు గండ్లు పడ్డాయి. సెప్టెంబరు 1, ఆదివారం తెల్లవారేసరికి సింగ్‌నగర్, పాయకాపురం, కొత్త రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ నీళ్లలో వున్నాయి. మరునాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11 లక్షల 43 వేల క్యూసెక్కులతో ప్రవహించింది. పల్లపు వీధుల్లో వారం దాటినా నీళ్లు పోలేదు.

మా బడికి వచ్చే ఇద్దరు పిల్లల తండ్రి ఆ ప్రాంతంలో కింది వాటాలో అద్దెకు వుండేవాడు. దర్జీ. ఇక్కడికంటే అక్కడ అద్దె నెలకు వెయ్యి రూపాయలు తక్కువ. నాలుగేళ్లు వున్నాడు, అంటే నలభై ఎనిమిది వేలు మిగిల్చుకున్నాడు. ఆ ఒక్క ఆదివారం రెండు కుట్టుమిషన్ల మోటార్లు, బీరువా, మంచం, బియ్యం, అన్నిటికన్నా మిన్నగా ఇతరులు కుట్టడానికిచ్చిన పెండ్లి బట్టలు పోయాయి. తన వస్తువులు పోయినందుకు ఆయన ఏడవలేదు. ఎదుటివాళ్ల బట్టలకు ఏం జవాబు చెప్పాలని ఏడ్చాడు. పెద్దపిల్ల పదో తరగతి సర్టిఫికెట్ అట్టముక్కలా వుబ్బిపోతే ఎండలో ఆరబెట్టి మా దగ్గరికి తెచ్చింది. కాబట్టి అద్దె తక్కువ అన్నప్పుడు ఎందుకు తక్కువ అని అడగవలసి వున్నది.

అడగడానికి మనిషి దొరక్కపోతే గోడలే చెబుతాయి. లోపలి సందుల్లో పాత గోడల మీద నీటి చారిక ఎంత ఎత్తున వుందో చూడండి. కరెంటు మీటర్లు ఏ ఎత్తున బిగించారో చూడండి. ఛాతీ ఎత్తున వుండవలసినవి తలపైకి ఎక్కాయంటే ఇంటి యజమానికి ఏదో తెలుసును. కొత్తగా కట్టిన ఇంటి అరుగు పక్కనున్న పాత ఇంటి కిటికీ దాకా లేచిందా? అదీ సాక్ష్యమే. మరొక సంగతి. సిమెంటు రోడ్డు వేసినప్పుడల్లా పాతదాన్ని తవ్వకుండా దానిమీదే మరో పొర పోస్తారు. రోడ్డు లేస్తుంది, ఇల్లు దిగుతుంది. ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లిన ఇంట్లోకి ఇప్పుడు రెండు మెట్లు దిగి వెళ్లవలసి వస్తే, ఎంత మంచి ఇల్లయినా వానాకాలంలో అది తొట్టి.

పేర్లు కూడా వినాలి. హైదరాబాదులో మాసబ్ ట్యాంక్ అంటే ఒకప్పటి మా సాహెబా తలాబ్. చెరువు పోయింది, పేరు మిగిలింది. తలాబ్‌కట్ట అన్నా అంతే, చెరువు కట్ట. 2020 అక్టోబరులో పాతబస్తీ వైపు గుర్రం చెరువు కట్ట తెగినప్పుడు హాఫిజ్ బాబానగర్ ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. అక్కడివారూ మనలాగే చిట్టీలు పాడి, గల్ఫులో కష్టపడి కట్టుకున్నవారే. 2009 అక్టోబరు 2న కర్నూలు పాతపట్నం తుంగభద్ర, హంద్రి నీళ్లలో మునిగింది. మన కృష్ణలంక పేరులోనే లంక వున్నది. నది ఒడ్డున కట్టిన రక్షణ గోడ పుణ్యమా అని 2024లో అక్కడివారు చాలామంది గట్టెక్కారు. గోడ వుందా లేదా, వుంటే ఎక్కడిదాకా వుంది అనేది చూసుకుని గాని పల్లంలో దిగకూడదు.

నీళ్ల భయంతో కొండెక్కుదామా అంటే, అదీ తేలికైన సంగతి కాదు. అదే 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండరాళ్లు ఇళ్ల మీద పడి మనుషులు చనిపోయారు. మెట్ల సంగతి సరేసరి. నెలలు నిండిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి దింపడం కొండవీధుల్లో చూసినవాళ్లం. ఎన్ని మెట్లు అని ఇంటివాడిని అడిగితే "ఎంతోనా, నాలుగడుగులు" అంటాడు. గ్యాసు బండ మోసే కుర్రాణ్ణి అడగండి. అతడు మెట్టు మెట్టుకూ లెక్క కట్టి పైకం పుచ్చుకుంటాడు, అబద్ధం చెప్పడు.

తాగేనీళ్లు మరో పరీక్ష. కుళాయి రోజుకు ఎన్ని గంటలు వస్తుందని అందరూ అడుగుతారు. రానప్పుడు ఏమవుతుందని ఎవరూ అడగరు. నీళ్లు వదిలినప్పుడు గొట్టం నిండుగా వుంటుంది, బయటి మురుగు లోపలికి రాదు. కట్టేసినప్పుడు గొట్టం ఖాళీ అవుతుంది. ఎక్కడైనా చిల్లు వుండి, ఆ చిల్లు మురుగు కాలువలో వుంటే, ఖాళీ గొట్టం ఆ మురుగును పీల్చుకుంటుంది. మరునాడు మొదటి బిందెలో వచ్చేది అదే. ఇది పుస్తకాల సంగతి కాదు. 2018 మార్చిలో గుంటూరు పాతబస్తీలో, ఆనందపేటలో, కలుషితమైన కుళాయి నీళ్లు తాగి పదిమందికి పైగా చనిపోయారు. ఎక్కువగా మనవాళ్లు వుండే చోటే అది. కాబట్టి కుళాయి తిప్పగానే వచ్చే మొదటి నీళ్లను గాజుగ్లాసులో పట్టి వాసన చూడండి. ఇంటి యజమాని ఏమనుకుంటాడోనని మొహమాటపడితే తరువాత డాక్టరు దగ్గర మొహమాటం లేకుండా డబ్బు కట్టవలసి వస్తుంది. కుళాయి సరిగా రాని పేటలో డ్రమ్ములు నింపి పెట్టుకుంటాము. మూత లేని డ్రమ్ములోని మంచినీళ్లలోనే డెంగూ దోమ గుడ్లు పెడుతుంది, పగటిపూట కుడుతుంది. పగటిపూట ఇంట్లో వుండేది ఎవరో ముందే చెప్పుకున్నాము.

కాగితాల విషయం వకీళ్లు చెప్పవలసినది. మేము ఒక్కమాట చెప్పి వదిలిపెడతాము. నోటరీ కాగితం మీద స్థలం మీదవదు. నూరు రూపాయలు, ఆపై విలువ గల స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావలసిందేనని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతున్నది. ఇ.సి. తీయించండి. 22-ఎ నిషేధ జాబితాలో ఆ సర్వే నంబరు వుందేమో సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో చూసుకోండి. ఆ జాబితాలో ప్రభుత్వ భూములు, దేవాదాయ భూములతోపాటు వక్ఫు భూములు కూడా వుంటాయి. అమ్మేవాడు టోపీ పెట్టుకుని, "మసీదు పక్కనే భాయ్, అజాన్ వినబడుతుంది" అన్నంత మాత్రాన వక్ఫు భూమి అమ్ముడుపోయే భూమి అవదు. మసీదుకు అంత దగ్గరగా అంత చవకగా వున్నప్పుడే అనుమానం రావాలి.

ఇక అసలు విషయానికి వస్తాము. మనలో నూటికి తొంభైమంది ఇల్లు చూసేటప్పుడు అడిగే మొదటి ప్రశ్న, "అక్కడ మనవాళ్లు వున్నారా?" అని. ఈ ప్రశ్నను వెక్కిరించేవాళ్లు వున్నారు, మేము వెక్కిరించము. నడిచివెళ్లే దూరంలో మసీదు, రంజాన్‌లో సెహ్రీకి లేపే గొంతు, హలాల్ మాంసం, అర్ధరాత్రి అవసరానికి వడ్డీ లేకుండా అయిదు వేలిచ్చే చాచా, పిల్లను కాసేపు చూసుకునే ఖాలా, ఇవన్నీ ఏ దలాలు కాగితంలోనూ రాయని వసతులు. మనిషి పోయిన రోజున జనాజా మోయడానికి నలుగురు రావాలి. ఆ సందులోంచి జనాజా తిన్నగా బయటికి రావాలి, ఖబరస్తాన్ అందే దూరంలో వుండాలి. అంబులెన్సు లోపలికి రాలేని సందులోంచి జనాజా మాత్రం ఎలాగో వస్తుంది గాని, మనకు కావలసింది ముందు అంబులెన్సు రావడం గదా.

ఇంకో కారణం కూడా వుంది, దాచిపెట్టి లాభం లేదు. కొన్ని కాలనీల్లో మన పేరు వినగానే టు-లెట్ బోర్డు లోపలికి వెళ్లిపోతుంది. మాకు తెలిసిన ఒక కుటుంబానికి ఇల్లు చూపించారు, అడ్వాన్సు మాట్లాడారు, అబ్బాయి పేరు అడిగారు. అంతే, ఆ వాటాలోకి ఇంటివారి బంధువులెవరో రాబోతున్నట్టు జ్ఞాపకం వచ్చింది. ఒకచోట ఇలా జరిగితే రెండోచోట అడగడానికి కాళ్లు రావు. అలా మనకు మనమే ఊరిని చిన్నది చేసుకుంటాము. నాలుగు పేటలు దాటి అయిదోదాని గురించి ఆలోచించము, ఆ నాలుగింటిలోనే కిక్కిరిసి, అద్దెలు మనమే పెంచుకుని, చివరకు బుడమేరు పల్లంలోకి దిగుతాము. ఇది మేము చూస్తూ వచ్చినది.

అలాగని ఊరంతా తలుపులు మూసుకుని వుందనడం కూడా అన్యాయం. వరద రోజున కింది వాటాలవాళ్లు పక్కింటి డాబాల మీద తలదాచుకున్నారు. మా దర్జీ కుటుంబం మూడు రాత్రులు వున్నది ఒక రైల్వే ఉద్యోగి డాబా మీద. ఆయన ఇంట్లో వెంకటేశ్వరస్వామి పటం ముందు దీపం వెలుగుతుంటే, వీళ్లు పక్క వరండాలో నమాజు చేసుకున్నారు. ఆ మెట్లెక్కేటప్పుడు పేరు ఎవరూ అడగలేదు. ఇంటి ధర కంటే ముందు పొరుగును చూసుకోమని మన పెద్దలు చెప్పడంలో అర్థం ఇదే గాని, పొరుగువాడు మనవాడే అయివుండాలని కాదు. ఇస్లాములో పొరుగువాడి హక్కు అతడి మతాన్నిబట్టి పుట్టదు.

ఇక్కడ చిన్న చేదుమాట. మనకు ఇల్లివ్వని వాళ్లను లెక్క వేస్తున్నాము బాగానే వుంది. మన మొహల్లాలో మనం ఎవరికి ఇల్లు ఇవ్వడం లేదో అది కూడా లెక్క వేద్దామా? ఇంట్లో తెలుగు మాట్లాడే నూర్‌బాషా కుటుంబం వస్తే, "వీళ్లు మనలాంటివాళ్లేనా" అని గుసగుసలాడే ఇళ్లు మన వీధుల్లో లేవా? వాళ్లూ ఈ సంఘానికి చందా కడుతున్నారు, ఈ సభలోనే కూర్చుని వున్నారు.

చివరగా ఆడపిల్లల దారి. దీన్ని చివరకు పెట్టుకున్నది చిన్న విషయమని కాదు, చెబితే మా తోటి ఉపాధ్యాయులకు కోపం వస్తుందని. విద్యాహక్కు నియమాల ప్రకారం అయిదో తరగతి దాకా కిలోమీటరు లోపు, ఎనిమిదో తరగతి దాకా మూడు కిలోమీటర్ల లోపు బడి వుండాలి. బడి వుండాలన్నారు గాని, ఉర్దూ బడి వుంటుందని కాదు. కొత్త కాలనీకి వెళ్లిన తల్లిదండ్రులు కొందరు, మా అమ్మాయి మా భాషలోనే చదవాలని పట్టుదలతో పాత బడికే పంపుతారు. మాకు సంతోషమే, మా బడిలో పిల్లల సంఖ్య నిలుస్తుంది. సంఖ్య తగ్గితే బడికే ముప్పు, అదీ తెలుసు. కాని ఆ పిల్ల రెండు ఆటోలు మారి, రైలు పట్టాలు దాటి, సారా దుకాణం ముందునుంచి నడిచి వస్తున్నది. ఒక సంవత్సరం వస్తుంది. రెండో సంవత్సరం శీతాకాలంలో సాయంత్రం అయిదున్నరకే చీకటి పడ్డప్పుడు ఇంట్లో మాట మొదలవుతుంది. మూడో సంవత్సరం పిల్ల ఏ బడిలోనూ వుండదు.

అందుకని ఉర్దూ పంతులుగా వుండి మేము చెప్పేది ఇది. ఉర్దూ కోసం ఆడపిల్లను పట్టాలు దాటించకండి. ఇంటి దగ్గర తెలుగు బడి వుంటే అందులోనే చేర్చండి. ఉర్దూ సాయంత్రంపూట మసీదు వరండాలో నేర్పుకుందాము, మేము వచ్చి చెబుతాము, జీతం అక్కర్లేదు. పిల్ల చదువు ఆగకుండా వుంటే ఏదో ఒకనాడు ఉర్దూ కూడా వస్తుంది. అంతకన్నా మంచిది, ఇల్లు చూసేటప్పుడే ఆ దారిని మీ అమ్మాయితో కలిసి, బడి వదిలే వేళకు ఒకసారి నడవడం. ఎక్కడ తన నడక వేగం పెరిగిందో గమనించండి. అక్కడ వీధిదీపం వుందా, దుకాణాలు తెరిచి వున్నాయా, చూడండి. ఆమెను నోరు తెరిచి అడగనక్కరలేదు.

ఇంతకూ ఫలానా ఏరియా మంచిదేనా అని కార్యదర్శిగారిని అడిగినవారికి సమాధానం ఏమిటి? ఒకాయన ప్రత్యేకంగా బుడమేరు అవతల ఒక స్థలం పేరు చెప్పి అడిగారట. మేము గత నెలలో వెళ్లి చూశాము. కాగితాలు మంచివే. మసీదు దగ్గరే. పక్కింటి గోడ మీద నీటి చారిక మా భుజం దాకా వున్నది. పై అంతస్తు వేసుకునే స్తోమత వుండి, కింద వాహనాలకు వదిలేసి పైన వుండగలిగితే కొనవచ్చును. కింద మాత్రమే కట్టగలిగితే వద్దు. అద్దెకైతే పైవాటా తీసుకోవలసింది. ఇది మా అభిప్రాయం.

అసలు ఇలా ఒక్కొక్కరూ విడివిడిగా తిరగవలసిన పని ఏమున్నది? సంఘం కార్యాలయంలో ఒక పుస్తకం పెడదాము. ఒక్కో వీధికి ఒక్కో పేజీ. 2024లో నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయి, ఎన్నాళ్లున్నాయి, కుళాయి ఎప్పుడు వస్తుంది, దగ్గరి బడి ఎంత దూరం, రాత్రి తొమ్మిది తరువాత ఆటో వస్తుందా రాదా, అంబులెన్సు ఎంతవరకు వస్తుంది. అక్కడ వున్నవాళ్లే రాయాలి. తమ ఇంటి ధర పడిపోతుందని దాచకూడదు. ఇల్లు మారలేని వాళ్లకూ ఆ పుస్తకం పనికి వస్తుంది, కార్పొరేషన్‌కు అర్జీ పెట్టేటప్పుడు చేతిలో లెక్క వుంటుంది. మొదటి పేజీ మా వీధిదే కానివ్వండి. నీటి చారిక: లేదు. కుళాయి: ఉదయం గంట, సాయంత్రం ముప్పావుగంట, మొదటి రెండు బిందెలకు తుప్పు వాసన. అంబులెన్సు: సందు మొదలు దాకా, అక్కడి నుంచి అరవై అడుగులు మనుషులు మోయాలి. వీధిదీపం: వున్నది, మూడు నెలలుగా వెలగడం లేదు.